చూసే తండ్రి, చూడని సంఘం

మన తెలుగు క్రైస్తవ సంఘాల్లో ఎవరైనా అలిసిపోయి, "ఇంత చేస్తున్నా ఒక్కరూ పట్టించుకోరండీ" అన్నారనుకోండి. జవాబు రెడీగా ఉంటుంది: "మనుషులు చూడకపోతేనేం, దేవుడు చూస్తున్నాడుగా." మాట నిజమే. నేను మనసారా నమ్మే మాటే. కానీ ఇన్నేళ్ళుగా వింటూ ఒక సంగతి గమనించాను. ఈ మాట ఎప్పుడూ మైకు పట్టుకున్నవాళ్ళ నుంచి చీపురు పట్టుకున్నవాళ్ళ వైపే వెళ్తుంది. చీపురు పట్టుకున్న అక్క వచ్చి, "అయ్యగారూ, ఈసారి కూటాల ఫ్లెక్సీలో మీ ఫోటో వేయలేదంట, పోనీండి, దేవుడు చూస్తాడు" అనడం నేనింతవరకూ వినలేదు.

ఎవరి కంటా పడని, రోజూ ఒకేలా సాగే పరిచర్యకి అర్థమేమిటని నన్నడిగితే, ముందు ఈ తారుమారు సంగతి తేల్చుకోవాలంటాను. దేవుడు చూస్తాడన్నది నా పని గురించి నాకు నేను చెప్పుకోవాల్సిన మాట. పక్కవాళ్ళ పని దగ్గర చూడాల్సింది నేను. మనం చేస్తున్నది సరిగ్గా దీనికి తలకిందులు. మన పనికి శాలువా కావాలి, వాళ్ళ పనికి పరలోకం చాలు.

నేను చెన్నై పెరంబూరులో ఉంటాను. మాది నెల్లూరు జిల్లా. ఐసీఎఫ్‌లో, అంటే రైలు పెట్టెలు తయారయ్యే ఫ్యాక్టరీలో, ఉద్యోగం చేసి రిటైరయ్యాను. తమిళం అక్కడ నేర్చుకున్నదే. వ్యాకరణం తక్కువ, పని మాత్రం జరుగుతుంది. రిటైరయ్యాక ఆ తమిళమే నా పరిచర్య అయింది. మా సంఘం నుంచి మేం కొద్దిమందిమి పొద్దున పూట సెంట్రల్ స్టేషన్ ఎదురుగా ఉన్న జీహెచ్‌కి వెళ్ళి, తెలుగు తప్ప మరో భాష రాని రోగులకి తోడుగా ఉంటాం.

జీహెచ్ అంటే రాజీవ్ గాంధీ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి. 1664లో సెయింట్ జార్జి కోటలో ఈస్టిండియా కంపెనీ సైనికుల కోసం చిన్నగా మొదలైంది. ఇప్పుడక్కడ ఎంతమంది జనమో వెళ్ళి చూసినవాళ్ళకే తెలుస్తుంది. గూడూరు, నాయుడుపేట, సూళ్ళూరుపేట, సత్యవేడు వైపు పల్లెల్లో పెద్ద జబ్బు చేస్తే ఇప్పటికీ "మద్రాసుకి తీసకపొండి" అనే అంటారు. సూళ్ళూరుపేట లోకల్ ఎక్కితే సెంట్రల్ పక్కనే దిగుతారు, రోడ్డు దాటితే ఆసుపత్రి. రైలు దాకా అంతా సులువే, అసలు తిప్పలు రోడ్డు దాటాక మొదలవుతాయి. బోర్డులు తమిళం, ఇంగ్లీషు. సెక్యూరిటీ అతను తమిళంలో అరుస్తాడు. ఓపీ చీటీ ఎక్కడ రాయించుకోవాలో, ఆ చీటీ పట్టుకుని ఏ బ్లాకులో ఏ అంతస్తుకి పోవాలో, రక్తం ఒకచోట ఇచ్చి రిపోర్టు ఇంకోచోట ఎందుకు తీసుకోవాలో తెలియక, మధ్యాహ్నానికల్లా ఏ చెట్టు కిందో కూలబడి ఏడ్చేవాళ్ళని ఎంతమందినో చూశాను. వాళ్ళ ఏడుపుకి జబ్బు సగమే కారణం.

డాక్టరు "ఎత్తన నాళా వలిక్కుదు?" అని అడుగుతాడు. పెద్దాయన నా మొహం చూస్తాడు. "ఏంది సామీ ఆయన అడిగేది?" "ఎన్నాళ్ళ నుంచి నొప్పి అని అడుగుతున్నారు పెద్దాయనా." "సంక్రాంతి కాణ్ణించి అని చెప్పు." చెప్తాను. ఇంతే పని. గుండెలో మంట అంటే మంట అనే చెప్పాలి, పట్టేసినట్టుంది అంటే పట్టేసినట్టుంది అనే చెప్పాలి. మన తెలివి ఒక్క చుక్క కూడా కలపకూడదు. ఒకాయన "బీడీలు మానేశానని చెప్పయ్యా" అన్నాడు. జేబులో కట్ట కనిపిస్తూనే ఉంది. ఆయన చెప్పమన్నది చెప్పి, జేబు సంగతి డాక్టరు గారి కళ్ళకి వదిలేశాను. ఈ పని ఎంత బాగా జరిగితే మనం అంతగా కనపడకుండా పోతాం. మాట వాళ్ళది, మందు డాక్టరుది, మధ్యలో మనిషి ఉన్న సంగతే ఇద్దరూ మర్చిపోవాలి.

మర్చిపోతారు కూడా. ఊరెళ్ళాక ఫోన్ చేసేవాళ్ళు తక్కువ. ఎప్పుడైనా అదే ఊరి నుంచి ఇంకొకరు వచ్చి "మా వాళ్ళు చెప్పారు, మద్రాసు చర్చాయన ఒకాయనుంటాడంట" అంటారు. పేరు వాళ్ళకి తెలియదు, నేను చెప్పనూ చెప్పను.

ఇదంతా వింటుంటే ఏదో భక్తి పారవశ్యంలో తిరుగుతుంటానని అనుకుంటారేమో, అదేం లేదు. ఎక్కువ భాగం బెంచీ మీద కూర్చోవడమే. ఫోన్ చూసుకోవడం, కాళ్ళు పీకడం, క్యాంటీన్ టీ. స్కాన్ రూమ్ బయట కూర్చున్నప్పుడు నాకు కీర్తనలేవీ గుర్తుకు రావు, ఇంట్లో మోటార్ ఆపానో లేదో అన్న టెన్షన్ మాత్రం వస్తుంది. మార్పులేని పనిలో దేవుని సన్నిధిని నిమిషం నిమిషం అనుభవించే భక్తులు ఉండొచ్చు, నేను వాళ్ళలో ఒకణ్ణి కాను. అయినా ఆ పూట వృథా అయిందని ఎప్పుడూ అనిపించలేదు.

ఎందుకంటే ఒకే పని మళ్ళీ మళ్ళీ చేయడంలో ఒక లాభం ఉంది, దాని గురించి మన ప్రసంగాల్లో ఎవరూ చెప్పరు. పని తెలుస్తుంది. ఏ కౌంటర్ దగ్గర లైను త్వరగా కదులుతుందో, ఏ లిఫ్ట్ స్ట్రెచర్లకి తప్ప ఆగదో, ఏ వార్డులో ఆయా కొంచెం కసిరినా మళ్ళీ తనే వచ్చి సాయం చేస్తుందో తెలుస్తుంది. ఒక పండక్కి ఒక చర్చి యువకులు బ్రెడ్డు, అరటిపళ్ళు పట్టుకుని వార్డులోకి వచ్చారు. మంచి పిల్లలే, మంచి మనసుతోనే వచ్చారు. ప్రతి మంచం దగ్గరా ఒక ప్యాకెట్, ఒక ప్రార్థన, ఒక సెల్ఫీ. మర్నాడు ఆపరేషన్ ఉండి ఏమీ తినకూడదని చెప్పిన మనిషి చేతిలోనూ బ్రెడ్డు పెట్టారు. పాపం ఆయన ఆకలి మీద ఉన్నాడు. నర్సమ్మ చూసి గుంజుకోకపోతే తినేసేవాడే. అప్పటికి పిల్లలు ఇంకో వార్డులో ఉన్నారు. ప్రేమ ఉంటే చాలదు, తలుపు మీద అంటించిన కాగితం చదవాలి. ఆ కాగితం చదవాలన్న బుద్ధి ఒక్కరోజు ఆవేశంతో వచ్చేది కాదు, విసుగు పుట్టేంతగా తిరిగితే వచ్చేది. నేను అర్థం చేసుకున్నంతవరకూ, పొరుగువాడి మీద ప్రేమ చాలావరకు ఇలా వివరాలు తెలిసి ఉండటంలోనే ఉంటుంది.

ఇక దేవుడు తమకి చేసిన మేలు గురించి అందరి ముందూ చెప్పుకునే మన సాక్ష్యాల సంగతి. "ఒకప్పుడు ఈ మందిరంలో చాపలు పరిచాను, దేవుడు నన్ను హెచ్చించాడు, ఈరోజు నాలుగు సంఘాలకి కాపరిని" అంటే అందరూ స్తోత్రం అంటారు. నాకూ సంతోషమే. కానీ అదే హాల్లో, ఆయనతో కలిసి ఆరోజు చాపలు పరిచి ఈరోజుకీ చాపలే పరుస్తున్న మనిషి కూర్చుని ఉంటాడు. ఆ సాక్ష్యంలో అతనికి మిగిలిందేమిటి? అతని నమ్మకంలో ఏదో లోటుందనా? చిన్న పనిని పెద్ద పనికి ప్రొబేషన్ పీరియడ్‌లాగా చెప్పీ చెప్పీ, చిన్న పనిలోనే ఉండిపోయినవాణ్ణి ఫెయిలైనవాడిగా చేశాం. దీనికి ఆధారంగా చూపేది మత్తయి 25లోని తలాంతుల ఉపమానాన్ని. కొంచెములో నమ్మకంగా ఉన్న దాసుడికి అనేకమైనవి అప్పగించడం అందులో ఉంది, ఒప్పుకుంటాను. అయితే అది యజమాని తిరిగొచ్చి లెక్క చూసుకున్న రోజున జరిగింది. మన సంఘం వార్షికోత్సవం రోజున కాదు.

ఈ ప్రమోషన్ బోధ తప్పని నాకు గట్టిగా అనిపించేది యోహాను సువార్త చివరి అధ్యాయం దగ్గర. అప్పటికి సిలువ అయిపోయింది, పునరుత్థానం అయిపోయింది. హెచ్చింపబడటమంటే అంతకు మించి ఏముంటుంది? శిష్యులు రాత్రంతా వల వేసి ఏమీ దొరక్క ఉన్నారు. తెల్లారి ఒడ్డుకి వచ్చేసరికి, మరణాన్ని జయించిన ప్రభువు నిప్పులు రాజేసి, చేపలు కాల్చి, రొట్టె పెట్టుకుని కూర్చున్నాడు. రండి, భోజనం చేయండి అన్నాడు. వంట చేయడం ఆయనకి మహిమకి ముందు పెట్టిన శిక్షణ అయితే, మహిమ తర్వాత దాని అవసరమేముంది? వాళ్ళకి ఆకలేస్తోంది, అందుకే చేశాడు. నా దగ్గర ఇంతకంటే పెద్ద సిద్ధాంతం లేదు. లైన్లో నిలబడ్డ ఆమెకి తమిళం రాదు, నాకొచ్చు. ఆ పని అర్థం ఆ పనిలోనే ఉంది, దాని తర్వాత నాకేమొస్తుందన్న దాంట్లో లేదు. గొర్రెలు, మేకల ఉపమానంలో కుడివైపు నిలబడ్డవాళ్ళకి తాము చేసింది గుర్తే లేదు. ప్రభువా, ఎప్పుడు నిన్ను ఆకలితో చూశామని అడిగారు. లెక్క రాసుకున్నవాళ్ళు అలా అడగరు.

ఇంతవరకూ నా వైపు సంగతి. ఇప్పుడు సంఘం వైపు.

కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదని కొండమీది ప్రసంగంలో ఉంది. ఆ మాట చెప్పింది ఇచ్చేవాడితో. ఇచ్చేవాడు బాకా ఊదుకోకూడదు. పుచ్చుకున్నవాళ్ళు కళ్ళు మూసుకోవాలని ప్రభువు ఎక్కడా చెప్పలేదు. అపొస్తలుడైన పౌలు అయితే కళ్ళు బాగా తెరుచుకునే ఉన్నాడు. ఆయన రోమా సంఘానికి రాసిన ఉత్తరంలో, అంటే రోమా పత్రికలో, 16వ అధ్యాయం మన ప్రసంగీకులు సాధారణంగా దాటేసే అధ్యాయం, ఎందుకంటే అందులో అన్నీ పేర్లే. కెంక్రేయ సంఘ పరిచారకురాలైన ఫీబే, ప్రిస్కిల్ల, అకుల, బాగా ప్రయాసపడిన మరియ, త్రుఫైనా, త్రుఫోసా. రూఫు తల్లి పేరు రాయలేదు గానీ, ఆమె నాకూ తల్లే అని రాశాడు. ఆమె ఆయనకి ఎన్నిసార్లు అన్నం పెట్టిందో మనకి తెలియదు. ఉత్తరం రాసిపెట్టిన తెర్తియు మధ్యలో తనంతట తనే వందనాలు చెప్పుకుంటే, ఆ వాక్యాన్ని ఎవరూ కొట్టేయలేదు. ఆ తర్వాతి వచనంలో పట్టణపు ఖజానాదారుడైన ఎరస్తు, ఏ హోదా లేని సహోదరుడు క్వార్తు పక్కపక్కనే ఉన్నారు.

నెహెమ్యా 3వ అధ్యాయం ఇంకా ముక్కుసూటిగా ఉంటుంది. యెరూషలేము గోడ ఎవరు ఎంతమేర కట్టారో రాసిన పనుల రిజిస్టరు అది. తెకోవ ఊరి గొప్పవాళ్ళు పనికి మెడ వంచలేదని రాసి ఉంది. అదే తెకోవ మామూలు జనం తమ వంతు అయ్యాక ఇంకో భాగం కూడా కట్టారని అదే అధ్యాయంలో కాస్త కిందికి రాసి ఉంది. పెంట గుమ్మం బాగుచేసింది ఎవరు? రేకాబు కుమారుడైన మల్కీయా. అతను ఒక ప్రదేశానికి అధిపతి. మన చర్చిలో బాత్రూమ్ కడిగే వంతు కమిటీ ప్రెసిడెంటు గారికి ఎప్పుడైనా వచ్చిందా? రాదు. ఆ పని ఎవరిదో ఎవరూ చెప్పకుండానే అందరికీ తెలుసు. కులం అనే మాట మన సంఘాల్లో ఎవరూ పైకి అనరు, వంతుల్లో మాత్రం కనిపిస్తుంది.

ఇది చెన్నైలో తెలుగువాళ్ళం తప్పించుకోలేని మాట. ఈ నగరాన్ని ఊడ్చే పారిశుద్ధ్య కార్మికుల్లో తరాల క్రితం ఆంధ్ర ప్రాంతం నుంచి వచ్చి స్థిరపడ్డ తెలుగు దళిత కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. మా సంఘంలోనూ ఉన్నాయి. 2025 ఆగస్టులో రాయపురం, తిరు వి.క. నగర్ జోన్ల పనిని ప్రైవేటు కంపెనీకి అప్పగించడాన్ని వ్యతిరేకిస్తూ కార్మికులు కార్పొరేషన్ ఆఫీసైన రిప్పన్ బిల్డింగ్ బయట 13 రోజులు కూర్చున్నారు, చివరికి రాత్రిపూట పోలీసులు లేపి తీసుకెళ్ళారు. రిప్పన్ బిల్డింగ్ జీహెచ్‌కి దగ్గరే. వస్తూ పోతూ వాళ్ళని చూసేవాణ్ణి, ఎక్కువమంది ఆడవాళ్ళే. ఆ రోజుల్లోనే ఒక ప్రార్థన కూటంలో ఒక పెద్దమనిషి, మీరేమి చేసినా మనుషుల కోసం కాక ప్రభువు కోసమని చేయండి అన్న కొలొస్సయి 3:23 చదివి, సణగకుండా పనిచేసేవాళ్ళని దేవుడు దీవిస్తాడని చెప్పారు. పౌలు ఆ వచనం రాసింది దాసులకి. దాసులకి వేరే దారి లేని కాలంలో, మీ యజమాని చూడకపోయినా మీ ప్రయాసకి విలువ ఉందని వాళ్ళకి చెప్పిన ధైర్యం అది. పౌలు అక్కడితో ఆగలేదు. ఇంకో రెండు వచనాలు దాటి 4:1లోకి వస్తే యజమానుల వైపు తిరిగాడు: మీ దాసులకి న్యాయమైనది చేయండి, మీకూ పరలోకంలో యజమాని ఉన్నాడు. మన పెద్దమనిషి బైబిలు అంతకు ముందే మూసేశారు.

ఐసీఎఫ్‌లో ఇలా ఉండేది కాదు. అక్కడ భక్తి లేదు, యూనియన్ గొడవలు కావలసినన్ని ఉన్నాయి. 2018లో వందే భారత్ మొదటి రైలు మా ఫ్యాక్టరీ నుంచే వచ్చింది. మరుసటి సంవత్సరం ఢిల్లీలో దానికి జెండా ఊపిన ఫోటో అందరూ చూశారు. సీటు కింద బోల్టు బిగించినవాడి ఫోటో ఎవరూ చూడలేదు, దాని గురించి అతను బాధపడనూ లేదు. ఎందుకంటే అతని పనిని ఇన్‌స్పెక్టర్ వంగి చూశాడు. తప్పుంటే తిప్పి పంపాడు, బాగుంటే సంతకం పెట్టాడు. ఓటీ చేస్తే డబ్బులొచ్చాయి, జ్వరమొస్తే సెలవుంది, అతను రాకపోతే అతని స్థానంలో ఇంకొకడు నిలబడ్డాడు. దేవుడు చూస్తాడని అక్కడ ఏ ఫోర్‌మన్ చెప్పి తప్పించుకోలేదు. దేవుని పేరు ఎత్తని చోట పనివాణ్ణి చూడటం ఇంత జాగ్రత్తగా జరుగుతుంటే, దేవుని పేరు మీద నడిచే చోట ఎందుకు జరగదన్నదే నా గొడవ.

కొందరు సహోదరులు నాతో అంటారు: "అన్నా, పేర్లు చెప్పడం మొదలుపెడితే గర్వం వస్తుంది, ప్రతిఫలం పోతుంది." గర్వం వస్తుందన్న భయం నిజమే. అయితే ఆ భయం శాలువాలు కప్పించుకునేవాళ్ళ విషయంలో మనకి ఎందుకు రాదో అర్థం కాదు. గర్వం చీపురు పట్టుకున్నవాళ్ళకి మాత్రమే అంటుకునే జబ్బా? అయినా నేను అడిగేది శాలువా కాదు. ఆదివారం అందరి ముందు నిలబెట్టి చప్పట్లు కొట్టించాల్సిన అవసరం లేదు, ఆ అక్క సిగ్గుతో చచ్చిపోతుంది. అడగాల్సినవి చిన్నవి. అక్కా, వారానికి ఎన్ని గంటలు పడుతోంది? నువ్వు ఊరెళ్తే ఎవరు చేస్తున్నారు? ఫినాయిల్ నీ డబ్బులతో కొంటున్నావా? ఈ మూడో ప్రశ్న ఒక కమిటీ మీటింగ్‌లో అడిగితే హాలంతా నిశ్శబ్దమైపోయింది. నిజంగానే ఆమె కొంటోంది.

జీహెచ్ పనిలో ఇది కొంత మార్చుకోగలిగాం. వెళ్ళేవాళ్ళ పేర్లు, వంతులు ఒక కాగితం మీద రాసి నోటీసు బోర్డులో పెట్టాం. పొగడ్త కోసం కాదు, ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే ఇంకొకరు వెళ్ళడానికి. మా పాస్టరు అయ్యగారు కూడా ఒక పూటకి తన పేరు రాసుకున్నారు. ఆయనది కోస్తా వైపు, తమిళం ఇంకా రాదు. అందుకని సంచులు మోస్తారు, వీల్‌చైర్ తోస్తారు, ఓపీ లైన్లో నిలబడతారు. రోగులు ఆయన్ని నా అసిస్టెంట్ అనుకుంటారు, ఆయన కాదని చెప్పరు.

చర్చి శుభ్రం చేసే అక్క జీతం సంగతి మాత్రం తేలలేదు. పోయినసారి పద్దు చదివినప్పుడు సౌండ్ సిస్టమ్ రిపేరుకి రాసిన మొత్తం ఆమె ఏడాది జీతం కంటే ఎక్కువుంది. అదేమిటంటే "పరిచర్య కదా అన్నా, జీతం అనకూడదు" అన్నారు. సౌండ్ సిస్టమ్ రిపేరు చేసినతనికి ఆ మాట చెప్పలేదు. వచ్చే మీటింగ్‌లో మళ్ళీ అడుగుతాను. ఈసారి వాక్యంతో మొదలుపెట్టే వంతు నాది, కొలొస్సయి నాలుగో అధ్యాయం మొదటి వచనం చదువుతానని సెక్రటరీ గారికి ముందే చెప్పేశాను. ఆయన వద్దనలేదు, మినిట్స్‌లో ఎలా రాయాలో ఆలోచిస్తానన్నారు.